పొయ్యి ఎరగని పాలు

శనివారం పొద్దున, వేల్స్‌లో వాన
కురవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
వెనక సీట్లో ఆరు గాజు సీసాలు
మలుపు మలుపుకీ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.
నడుపుతున్నది టెగ్వెన్, దారి చెప్పేది నేను.
కుడీ ఎడమా నాకెప్పుడూ తికమకే.
అందుకే తను నా మాట వినదు,
చెయ్యి ఎటు ఊగితే అటు తిప్పుతుంది.

ముప్పై ఒక్కేళ్ళు బడి వంటింట్లో పాలు కాచినదాన్ని.
పొంగే ముందు క్షణాన్ని పసిగట్టడం,
మంట తగ్గించడం,
నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.
పని మానేశాక
కాచని పాలు తాగాలనిపించింది.
ఎందుకో నాకే తెలీదు.
డాక్టరైతే వద్దనే అన్నాడు.

మొదట ఇడ్వాల్ పొలం.
మనిషి లేడు.
రేకుల కొట్టంలో ఫ్రిజ్జు, మేకుకి తువ్వాలు,
మూత చీల్చి తాళం వేసిన టీ డబ్బా.
చిల్లర అందులో వెయ్యాలి, లెక్క మన మనస్సాక్షిది.
గోడ మీద అచ్చు కాగితం:
ఈ పాలు వేడి చేసినవి కావు, హాని చేసే క్రిములు ఉండొచ్చు.
కింద ఎవరో పిల్లలు పెన్సిలుతో
ఒక క్రిమిని గీసి
దానికి టోపీ పెట్టారు.
రెండు సీసాలు నింపుకున్నాం.
చల్లగా ఉన్నాయి, బాగున్నాయి,
ఎవరూ చేత్తో ఇవ్వని పాలు.

లునెడ్ మాట్లాడుతూ పోస్తుంది,
పోయడం ఆపి మాట్లాడుతుంది.
మే నెల పాలకి పచ్చిక వాసనట,
నవంబరు పాలకి ఎండుగడ్డి వాసనట,
కొట్లో పాలకే ఏ నెలా ఉండదట.
ఓసారి ఆవులు కంచె తోసుకుని
ఏటి ఒడ్డున అడవి వెల్లుల్లి మేసొచ్చాయి.
ఆ వారం ఊరంతా టీ పారబోసుకుంది.
"పాదిరిగారు మాత్రం మళ్ళీ అవే కావాలన్నాడు" అని
పొట్ట పట్టుకు నవ్వి, సీసా తుడిచి ఇచ్చింది.

హెవిన్‌ది కొండ మీద.
అతని దగ్గర గుమ్మపాలు దొరుకుతాయని విన్నాను.
పొదుగు నుంచి సరాసరి, నురగతో.
పొయ్యి ఇచ్చిన వెచ్చదనం కాదు, ఆవు ఇచ్చింది.
గేటుకి నల్ల పలక.
ఇవాళ ఏ ఆవు పాలో దాని మీద సుద్దతో రాస్తాడట.
పలక కడిగేసి ఉంది. ఇంకా తడిగా.
కింద బూట్లు ముంచే తొట్టి, మందు వాసన.

అతనొచ్చాడు. గేటు తియ్యలేదు.
"మంగళవారం సూది వేశారు,
నిన్న మెడ మీద వాపు కొలిచారు.
నలభై మూడింట్లో రెండిటికి క్షయ."
"మరి పాలు?"
"పితుకుతూనే ఉన్నా. పొదుగుకేం తెలుసు?
బాగున్నవాటివి లారీలో పోతాయి.
కాస్తారు."
ఆ చివరి మాట
చెప్పు కింద రాయిలా అన్నాడు.

"నేనూ కాచేదాన్నే" అన్నాను.
తలెత్తి చూశాడు.
"ఎప్పుడైనా మాడ్చావా?"
"ఒక్కసారి. బడంతా వాసన.
సెలవులిచ్చేదాకా నన్ను మాడుపాలమ్మా అనే పిలిచారు."
నవ్వబోయాడు.
అంతలో వెనక కొట్టంలోంచి ఒక అరుపు,
సాగదీసి, విసుగ్గా.
టెగ్వెన్ కారు తాళం తిప్పడం ఆపింది.

"అదేనా?"
"అదే. చిన్నప్పుడు నా కోటు బొత్తాం మింగింది,
అప్పట్నుంచీ పేరు బొత్తాం.
వేళ దాటింది, చేపుకొచ్చినట్టుంది."
దాని పాలు మోరీ పాలు.
అయినా వెళ్ళాడు,
చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, త్వరగా,
ఎవరో అతిథి కాచుకుని ఉన్నట్టు.

తిరుగుదారిలో నాలుగు సీసాలు బరువుగా కూర్చున్నాయి.
ఖాళీ రెండూ
ఇల్లు చేరేదాకా మోగుతూనే ఉన్నాయి.

రాత్రి లునెడ్ పాలు గ్లాసులో పోసుకున్నాను.
తాగబోతే చెయ్యి తనంతట తనే
పొయ్యి మీట దాకా పోయింది.
టెగ్వెన్ చూసింది.
ఏమీ అనలేదు,
తన గ్లాసు ముందుకి జరిపింది.